తుమ్మడం మరిచినవాడు

జీపు దిగిన ముగ్గురిలో తుమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే. అలా దొరికిపోయాను.

అది ఫిబ్రవరి నెల, సోమవారం. బ్యాడగి మార్కెట్ యార్డు నిండా మిరపకాయల రాశులు. హమాలీలు ఒక రాశిని పారలతో తిరగేశారు. ఎర్రటి దుమ్ము లేచింది. మా హెబ్బార్ సార్ ఆగకుండా ఏడు తుమ్ములు తుమ్మారు. ఆయన్ని చూసి నవ్వబోయిన డ్రైవరు తనూ అందుకున్నాడు. నేను ముక్కుకు రుమాలు కట్టుకున్నాను గానీ తుమ్మడం మరిచిపోయాను. పుట్టింది మొదలు ఆ దుమ్ములో పెరిగినవాడికి తుమ్ము ఎక్కణ్ణించి వస్తుంది?

"ఈ బాబు తుమ్మడేం?" అంది ఒక గొంతు.

రాశి పక్కన గోనెపట్టాల మీద కూర్చుని పదిమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. వాళ్లలో ఒకతె తలెత్తి నన్నే చూస్తోంది. నీలవ్వ. మా అమ్మ తమ్ముడి కూతురు. చూసి నాలుగేళ్లయింది. ఆ చూపులో పదును తగ్గలేదు. వచ్చే ఆదివారం మా ఇద్దరి పెళ్లి ఖాయం చెయ్యాలని పెద్దవాళ్లు అనుకున్నారు.

"జలుబు" అన్నాను.

"జలుబైతే ఇంకా ఎక్కువ తుమ్ముతారు కదండీ. తమరిది ఏ ఊరు?"

జవాబు హెబ్బార్ సార్ చెప్పారు. "మా ప్రకాశ్‌ది హుబ్బళ్లి. పెద్ద ఊరివాడు."

"ప్రకాశా! బాగుంది పేరు. ఎవరు పెట్టారో?"

నేనే పెట్టుకున్నాను. బెంగళూరులో, మిరపకాయల నుంచి రంగు తీసే కంపెనీలో చేరిన రోజున. ఫకీరప్ప అంటే నవ్వుతారని. బ్యాడగి అంటే "మిరపకాయలు తప్ప ఏముంది అక్కడ?" అంటారని. హుబ్బళ్లి అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

నీలవ్వ పక్కనున్న పెద్దావిడ కొంగు నుదుటి మీదికి లాక్కుంది. ఆమె మా అమ్మ.

సోమవారాలు అమ్మ యార్డుకు వస్తుందని నాకు తెలియదా? తెలుసు. ఏ రాశి దగ్గర కూర్చుంటుందో తెలియదు, అంతే.

"ఏమ్మా, కాయ ఎండిందా?" సార్ సరిగ్గా ఆమెనే అడిగారు.

అమ్మ ఒక కాయను చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, "ఎండిందయ్యా" అంది.

"చూశావా ప్రకాశ్, వీళ్లు చెవితో చూస్తారు!" సార్ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

"అత్తా, ఈ బాబుని ఎక్కడో చూసినట్టు లేదూ?" అంది నీలవ్వ.

"పెద్ద ఊరి బాబు మనకెట్లా తెలుస్తాడే? పని చూడు" అంది అమ్మ, తలెత్తకుండా.

కాయ కొనడానికి ధర వేస్తూ టెండరు చీటీలు రాయడానికి సార్ ఆఫీసులోకి వెళ్లారు. నేను కుళాయి దగ్గరికి వెళ్లాను. వెనకే నీలవ్వ వచ్చింది.

"అత్త నీకోసం అబద్ధం ఆడింది. ఆమె నోట అబద్ధం నేను వినడం ఇదే మొదలు."

"మెల్లగా మాట్లాడు. సార్ వింటే..."

"వింటే? ఉద్యోగం ఊడుతుందా?"

"నవ్వుతారు."

"నవ్వితే నీ పన్ను ఊడుతుందా?"

"నీకేం తెలుసు నీలా, అక్కడ ఊరి పేరు చెబితే ఎట్లా చూస్తారో!"

"ఇక్కడి కాయ కావాలి. ఇక్కడి రంగు కావాలి. ఇక్కడివాణ్ణని చెప్పుకోడానికి మాత్రం సిగ్గు. విను. ప్రకాశ్ గారిని నేను చేసుకోను. ఆదివారం మీ ఇంటికి వెళ్లొద్దని ఈ పూటే నాన్నతో చెప్తాను."

"నీలా, నేను నిన్ను..."

"ఏ ఊరివాడు నన్ను?"

ఆమె వెళ్లిపోయింది.

ఏముంది అక్కడ? బస్సు మా ఊరి పొలిమేర చేరగానే కొత్తవాళ్లు కిటికీలు మూసేవారు. మేం తెరిచేవాళ్లం. ఆ ఘాటు ముక్కుకు తగిలితేనే ఇల్లు దగ్గరైనట్టు. మా బళ్లో ఎవరి చొక్కా కూడా తెల్లగా ఉండేది కాదు. మాస్టారు తిట్టేవారు కాదు. ఆయన పంచె మా చొక్కాల కంటే ఎరుపు. నాన్న పోయాక అమ్మ ఈ తొడిమలు తీసి నన్ను బి.కాం. చదివించింది. సాయంత్రం ఇంటికొచ్చి, మంట చల్లారడానికి వేళ్లు మజ్జిగలో ముంచుకునేది. అలాంటి అమ్మను చూసి ఇందాక సార్ నవ్వితే నేనూ నవ్వాను. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయనదీ, నాదీ.

మధ్యాహ్నం ఆడవాళ్లు రొట్టెల మూటలు విప్పుతుండగా సార్ బయటికి వచ్చారు.

"పద ప్రకాశ్. హావేరి వెళ్లి తిందాం. ఇక్కడ మనుషులు తినే చోటు ఉండదు."

"ఉంది సార్."

రుమాలు విప్పేశాను. నేరుగా వెళ్లి అమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను.

"అమ్మా, ఆకలేస్తోంది."

అమ్మ బెదిరిపోయింది. "బాబూ, ప్యాంటు మాస్తుంది..."

"బాబేంటి? పేరు పెట్టి పిలువు."

యార్డులో పారల చప్పుడు ఆగింది. సార్ దగ్గరికొచ్చారు. "ఎవరీవిడ?"

"మా అమ్మ. నా పేరు ఫకీరప్ప. నాది ఈ ఊరే సార్. పొద్దున మీరు నవ్విన ఆ చెవే నన్ను చదివించింది."

"అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరావా?"

"కాగితాల్లో ఫకీరప్ప అనే ఉంది. బ్యాడగి అనే ఉంది. మీరెవరూ చదవలేదు."

ఆయన ముఖం కందింది. "జీపు ఇప్పుడే బయల్దేరుతుంది. వస్తావా, ఉంటావా?"

"రొట్టె తిని వస్తాను. ఆగగలిగితే ఆగండి."

ఆయన ఆగలేదు. నేనూ లేవలేదు.

అమ్మ జొన్నరొట్టె మీద వంకాయ కూర వేసింది. "ఉద్యోగంరా..."

"పోతే పోనీ. కాయ కావాలంటే వాళ్లే ఇక్కడికి రావాలి."

నీలవ్వ మూట విప్పకుండా తొడిమలు తీస్తూనే ఉంది, కాయల మీంచి కళ్లెత్తలేదు. "తొడిమలు తియ్యడం గుర్తుందా, లేక అదీ మరిచారా?"

"నీకంటే వేగంగా తీస్తాను."

"అబ్బో! హుబ్బళ్లిలో నేర్పారా?"

"ఇందాక మాట మధ్యలో ఆపావు. ఇప్పుడు విను. బ్యాడగి ఫకీరప్ప చెబుతున్నాడు. నాకు నువ్వే కావాలి."

మిగతా ఆడవాళ్లంతా రొట్టెలు తినడం ఆపి మా వైపు తిరిగారు. నీలవ్వ చెవులు ఎర్రబడ్డాయి. అది దుమ్ము కాదు.

హమాలీల్లోంచి నీలవ్వ నాన్న, మా మామ, బస్తా దించి వచ్చాడు. "అక్కా, ఆదివారం దాకా ఎందుకే? ఈలోపు వీడి బుద్ధి మళ్లీ తిరిగితే?" అంటూ చాయ్ కొట్టుకు వెళ్లి గుప్పెడు చక్కెర తెచ్చాడు. మా వాళ్లలో పదిమంది ముందు నోట్లో చక్కెర పెడితే పెళ్లి ఖాయం. ఆపైన వెనక్కి పోయేది లేదు.

అమ్మ కళ్లు తుడుచుకోబోయి, వేళ్లు గుర్తొచ్చి, మోచేత్తో తుడుచుకుంది. "పెట్టవే పిల్లా" అంది.

పొద్దుటి నుంచి తొడిమలు తీసిన ఆ వేళ్లతోనే నీలవ్వ చిటికెడు చక్కెర నా నోట్లో పెట్టింది. నాలుక భగ్గుమంది.

"ఎట్లా ఉంది?"

అందరూ చూస్తున్నారు. నా కళ్లలో నీళ్లు.

"కారంగా ఉంది."

"నిజం చెప్పావు, బతికిపోయావు" అని నీలవ్వ రెండో చిటికెడు పెట్టింది.