ఎర్ర గీత

తలుపు మీద పడిన చప్పుడు వినగానే, వచ్చినవాళ్లు భయపడి ఉన్నారని మేనకోడలికి అర్థమైపోయింది. ధైర్యంగా వచ్చేవాళ్లు గంట నొక్కుతారు. ఇది వేలి కణుపుతో, లోపలివాళ్లు వినకపోయినా బాగుండునన్నట్టు తట్టిన చప్పుడు.

నాలుగేళ్లుగా ఆమె మేనమామ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తోంది. ఆయన ఒకప్పుడు పాఠాలు చెప్పేవారు. ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టి ఇన్నేళ్లయినా వీధివాళ్లకు ఇంకా మాస్టారే.

లోపలికి వచ్చినామెకు ముప్పై ఏళ్లుంటాయి. రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులు. ఆ సంగతి ఆమెకింకా తెలిసినట్టు లేదు. మాస్టారు టీ పోసి ఇచ్చారు, సగం కప్పే. వణికే చేతుల్లో నిండు కప్పు ఎంత ఇబ్బందో ఆయనకు తెలుసు.

"మా ఆయన ఎలక్ట్రీషియన్ అండి. నిన్న తలుపుల ఫ్యాక్టరీలో మంట లేచింది కదా, అది ఆయన తప్పేనంటున్నారు. సాయంత్రం నాలుగింటికి సేఫ్టీ ఆఫీసర్ రిపోర్టు మీద సంతకం పెడతాడట. పెట్టాడంటే లైసెన్సు పోతుంది. కేసు కూడా పడుతుంది."

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా అమ్మా?"

"ప్యాకింగ్‌లో చేసే అక్కకి రెండు చేతులూ కాలాయండి. కళ్లు మాత్రం దక్కాయి. అదే పదివేలు." ఆమె కప్పు కింద పెట్టింది. "రంపపు పొట్టు పీల్చే మిషనండి అది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ లాంటిదే గానీ దానికి తాతలాంటిది. మామూలు కరెంటు చాలదు, మూడు ఫేజులు కావాలి. స్టార్టయ్యేటప్పుడు గుక్కెడు గుక్కెడుగా కాదు, ఒక్కసారే లాగుతుందంటాడు మా ఆయన. ప్యాకింగ్ హాల్లో మామూలు బోర్డుకి పెడితే ఫ్యూజులు ఎగిరిపోతున్నాయని పట్టుబట్టి విడిగా లైను లాగాడు. సోమవారం సాయంత్రం సాకెట్ బిగించి, మిషను పెట్టి చూశాడు. బాగా పీల్చింది. నిన్న పొద్దున అదే మిషను పీల్చడం మానేసి, పొట్టలో ఉన్న పొట్టునంతా బయటికి ఊదేసింది. పక్కనే ప్లాస్టిక్ చుట్టే వేడి గన్ను ఉంది. భగ్గుమంది."

"సోమవారం అది బాగా పీల్చడం చూసినవాళ్లు ఎవరు?"

"ఆ ప్యాకింగ్ అక్కే." ఆమె కప్పు పక్కకి జరిపింది. "నొప్పి తెలియకుండా ఆమెకు మందిచ్చారు. మాట్లాడకూడదట."

మేనకోడలు గోడ గడియారం చూసింది. పదకొండున్నర.

"మీ ఆయన పని ఎలా చేస్తాడు?" అన్నారు మాస్టారు, పెళ్లిచూపుల్లో అడిగినంత తాపీగా.

"చాదస్తం అండి. నా గోళ్లరంగు సీసా ఎప్పుడూ ఆయన పనిముట్ల సంచిలోనే ఉంటుంది. బిగించిన ప్రతి స్క్రూ మీదా గీత పెట్టాల్సిందే. నా గోళ్లకి రంగు మిగలదు గానీ ఊళ్లో స్క్రూలన్నీ సింగారించుకుని ఉంటాయి." ఆ మాటకు తనే నవ్వబోయి, అంతలోనే ఏడ్చేసింది.

మాస్టారు లేచి గొడుగు తీసుకున్నారు. "పద అమ్మాయ్."

*

ప్యాకింగ్ హాలు గోడ మీద మనిషెత్తున మసి ఉంది. నేల తడిసి, కాలిన చెక్క వాసన ముక్కుపుటాలకు పట్టేస్తోంది. గోడవారగా చక్రాల మీద పెద్ద మిషను నిలబడి ఉంది. నడుమెత్తు స్టీలు డబ్బా, పైన మోటారు, పక్కకు తెగిన తొండంలా గొట్టం. దాని ప్లగ్గు పెట్టిన సాకెట్‌కు టేపుతో సీలు వేశారు.

సేఫ్టీ ఆఫీసర్ మితభాషి. "నిన్న మూత తీసి మీటరు పెట్టి చూశాను. మూడు ఫేజుల్లో రెండు తారుమారుగా ఉన్నాయి. ఏ రెండు మారినా మోటారు వెనక్కి తిరుగుతుంది. ఈ రకం మిషను వెనక్కి తిరిగితే పీల్చదు, ఊదుతుంది. సాకెట్ బిగించింది ఎలక్ట్రీషియన్. ఇందులో మిస్టరీ ఏముంది మాస్టారూ?"

"స్క్రూలు కదిపారా?"

"లేదు. చూశాను, మూశాను, టేపు వేశాను."

ఫ్యాక్టరీ యజమాని నుదురు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే సూపర్‌వైజరు. యజమాని భార్యకు తమ్ముడు కావడంతో ఫ్యాక్టరీ మొత్తానికీ అతను 'బావమరిది'గానే చెల్లుబాటవుతున్నాడు. వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తాడు.

"అతనికి పొగరండీ," అన్నాడు బావమరిది. "చెత్త ఊడ్చే మిషనుకి పట్టాభిషేకం ఎందుకయ్యా, మామూలు బోర్డుకి పెట్టుకోమంటే వినడు. సోమవారం మాటా మాటా అనుకున్నాం. కరెంటు మెయిన్ పెట్టె తాళంచెవి అక్కడ పెట్టి పొమ్మన్నా. పెట్టి పోయాడు. నిన్న పొద్దున మళ్లీ వచ్చాడు, సంచి మరిచిపోయానని. ఆ తర్వాత రెండు గంటలకే మంట. నేను చెప్పేదేముంది, మీరే ఆలోచించండి."

మేనకోడలు మాస్టారి వైపు చూసింది. నిన్న పొద్దున వచ్చాడా? ఆ సంగతి భార్య చెప్పలేదే.

"తాళంచెవులు ఎన్ని?" అన్నారు మాస్టారు.

"మూడు," అన్నాడు యజమాని. "నాదొకటి, మావాడిదొకటి, ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకటి ఉండేది. నేను సోమవారం వెళ్లి మంగళవారం రాత్రికి తిరిగొచ్చాను. నా తాళంచెవి నా జేబులోనే ఉంది."

"ఈ సాకెట్ మీద కాగితం ఏదో అంటించినట్టుందే?" అంటూ మాస్టారు వంగి, గోడ మీద ఎండిపోయిన జిగురు మరకను వేలితో తడిమారు.

"నాకు తెలీదు," అన్నాడు బావమరిది. "నేను ఇలాంటివాటి జోలికి పోను. స్క్రూడ్రైవర్ ఏ చేత్తో పట్టుకోవాలో కూడా నాకు తెలీదు."

*

మిగిలిన ప్యాకింగ్ అమ్మాయి పేరు ఎవరికీ గుర్తులేదు. రోజంతా అట్టపెట్టెలకు టేపు అంటించే పని కాబట్టి అందరూ 'టేపు' అనే అంటారు. ఆమె భయంతో బిగుసుకుపోయి ఉంది. మేనకోడలు పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా ఆమెతోపాటు నాలుగు అట్టపెట్టెలు మడిచింది. అయిదో పెట్టె దగ్గర మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఆ కాగితం మీద 'దుమ్ము మిషనుకి మాత్రమే' అని రాసి ఉందక్కా. మంగళవారం పీకేశారు."

"ఎందుకు?"

"పాత హాలు కప్పు కారుతోందని పెట్టెలు మోసే బెల్టు మిషన్ని ఇక్కడికి తెచ్చారు. దానికి పెట్టే చోటు ఇదొక్కటే. పెట్టగానే బెల్టు వెనక్కి తిరిగిందక్కా! నేను పంపిన పెట్టెలు నా ఒళ్లోకే వచ్చి పడ్డాయి. చేతులు కాలిన పెద్దక్క లేదూ, ఆమె నవ్వి నవ్వి కూర్చుండిపోయింది." ఆమె కళ్లు నిండాయి. "లంచ్ అయ్యి వచ్చేసరికి బాగైపోయింది. ఎవరు బాగుచేశారో తెలీదు. నిన్న పెద్దక్క బెల్టు ప్లగ్గు పీకి, దుమ్ము మిషను ప్లగ్గు పెట్టింది. అంతే."

తలుపు దగ్గర హాజరు కార్డులు గుద్దే కరెంటు గడియారం ఉంది. మేనకోడలు అలవాటుగా తన చేతి గడియారంతో పోల్చి చూసింది. ఇరవై అయిదు నిమిషాలు వెనక.

"అదా," అంది టేపు. "అది కూడా మంగళవారం నుంచే. ఒంటిగంటకి కార్డు గుద్దితే పన్నెండూ ముప్పై అయిదు పడింది. లంచ్‌కి వెళ్లిన అయిదు నిమిషాలకే తిరిగొచ్చామన్నమాట, మెడల్ ఇవ్వాలి మనకి, అని పెద్దక్క ఒకటే వేళాకోళం."

మేనకోడలు ఈ ముక్కలన్నీ మాస్టారు చెవిన వేసింది. ఆయన మెచ్చుకోలుగా తలూపి ఒకే ఒక్క మాటన్నారు: "పెట్టెలు బాగా మడిచావు."

*

ఎలక్ట్రీషియన్ వాచ్‌మన్ గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"సంచి కోసం వచ్చిన మాట నిజమే సార్. భయపడుతుందని ఇంట్లో చెప్పలేదు." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. సోమవారం మిషను పీల్చడం నేను చూశానా, చూశాననుకుంటున్నానా అని. ఆ అక్క చేతులు తలుచుకుంటే నా చేతుల మీద నాకే నమ్మకం పోతోంది."

"మంగళవారం ఎక్కడున్నావు?"

"కాలేజీలో సార్. ల్యాబ్ వైరింగ్, పనిముట్లు వాళ్లవే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా. ఇద్దరు అటెండర్లు పక్కనే ఉన్నారు."

"ఈ ఫ్యాక్టరీలో ఇలాంటి సాకెట్ ఇంకోటి బిగించావా?"

"పాలిష్ గదిలో ఒకటి, నెల కిందట. రోజూ దుమ్ము మిషన్ని అక్కడికి తోసుకెళ్లి దానికే పెడతారు."

మాస్టారు కాలేజీకి ఫోన్ చేయమని మేనకోడలికి చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది చూశాక పొద్దున్నుంచి మొదటిసారి ఆమె గుండె కొంచెం కుదుటపడింది. తుడవడానికి ఆయనకు తీరిక దొరికిందంటే లెక్క తేలినట్టే. కానీ సమయం మూడు దాటింది. ఆఫీసర్ అప్పుడే కలం మూత తీసి రిపోర్టు పేజీలు సర్దుకుంటున్నాడు.

*

మూడుంబావుకి అందరూ పాలిష్ గదిలో నిలబడ్డారు. ఇద్దరు పనివాళ్లు బెల్టు మిషన్ని తోసుకొచ్చారు. ఎలక్ట్రీషియన్ భార్య భర్త చొక్కా అంచు పట్టుకుని ఉంది.

"ఆఫీసర్ గారూ," అన్నారు మాస్టారు, "ఈ గదిలో సాకెట్ కూడా ఇతను బిగించిందే. నెలరోజులుగా దుమ్ము మిషను దీనికి పెడితే చక్కగా పీలుస్తోంది. అంటే ఈ సాకెట్‌లో ఫేజుల వరస సరైనదే. అవునా?"

"అవును."

"అమ్మాయ్, బెల్టు ప్లగ్గు దీనికి పెట్టు."

మేనకోడలు పెట్టింది. టేపు బెల్టు మీద ఒక ఖాళీ పెట్టె ఉంచింది. మీట నొక్కగానే పెట్టె ముందుకు పోలేదు. నెమ్మదిగా వెనక్కి వచ్చి టేపు ఒళ్లో వాలింది.

"మంగళవారం పొద్దున లాగానే!" అని అరిచింది టేపు.

"అంటే తేడా బెల్టు మిషను ప్లగ్గులోనే ఉంది," అన్నారు మాస్టారు. "పాత హాల్లో సాకెట్ వైర్లు ఎప్పుడో తారుమారుగా బిగించి ఉంటారు, దానికి తగ్గట్టు ప్లగ్గులోనూ తారుమారు చేశారు. రెండు తప్పులూ కలిసి ఇన్నేళ్లూ కాపురం చేశాయి. మంగళవారం ఆ మిషను సరైన సాకెట్ దగ్గరికొచ్చింది, వెనక్కి తిరిగింది. మార్చాల్సింది మిషను ప్లగ్గు. మార్చింది మాత్రం గోడకున్న సాకెట్. బెల్టు బాగైంది. దుమ్ము మిషను సంగతి ఎవరికీ గుర్తురాలేదు, దాని పేరు రాసిన కాగితం అప్పటికే చింపేశారు కాబట్టి."

ఆయన అందర్నీ ప్యాకింగ్ హాల్లోకి నడిపించారు. ఆఫీసర్ సీలు తీసి సాకెట్ మూత విప్పాడు. లోపల అయిదు స్క్రూలు. ప్రతిదాని తల మీద నుంచి పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ మీదికి ఒక సన్నటి ఎర్ర గీత.

"గోళ్లరంగు," అన్నారు మాస్టారు. "బిగించాక ఇతను పెట్టే గుర్తు. తర్వాత స్క్రూ ఎవరైనా కదిపితే గీత తెగి, రెండు సగాలూ కలవవు. చూడండి."

మూడు గీతలు నిటారుగా ఉన్నాయి. రెండు మాత్రం మధ్యలో విరిగి, తల మీది సగం ఒకవైపు, ప్లాస్టిక్ మీది సగం ఇంకోవైపు ఉన్నాయి.

ఆఫీసర్ వంగి, దగ్గరగా చూశాడు. "నిన్న చూశాను," అన్నాడు మెల్లగా. "ఏదో మరకనుకున్నాను."

"ఆ గీతలు తనే తెంపుకోవచ్చుగా, నిన్న పొద్దున వచ్చినప్పుడు?" అన్నాడు బావమరిది.

"నిన్న కాదు. బెల్టు మంగళవారం మధ్యాహ్నానికే బాగైంది. అప్పుడితను కాలేజీలో ఉన్నాడు. అమ్మాయి ఫోన్ చేసి కనుక్కుంది." మాస్టారు తలుపు దగ్గరి గడియారం వైపు చూపించారు. "కరెంటు ఉండగా సాకెట్‌లో వైర్లు మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు. మంగళవారం లంచ్‌లో ఈ హాలు మెయిన్ ఇరవై అయిదు నిమిషాలు ఆపారు. ఆ గడియారం అప్పుడు ఆగి, మళ్లీ నడిచింది. ఇప్పటికీ సాక్ష్యం చెబుతూనే ఉంది. ఆపాలంటే మెయిన్ పెట్టె తాళం తీయాలి. యజమాని ఊళ్లో లేరు. ఇతని దగ్గర తాళంచెవి లేదు. మిగిలింది ఒక్కటే తాళంచెవి బాబూ. ఇతని దగ్గర తీసుకున్నదాన్ని కూడా కలుపుకుంటే రెండు. రెండూ ఒక్క జేబులోనే."

బావమరిది చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి వెళ్లింది. తర్వాత అక్కడున్న పెట్టె మీద కూలబడ్డాడు.

"చిన్నప్పుడు పంపు మోటారు వెనక్కి తిరిగితే రెండు వైర్లు మార్చేవాళ్లు. అది చూసి నేర్చుకున్నా. ఇతన్ని పిలిస్తే నేను తగ్గినట్టవుతుందని నేనే చేశా. ఇట్టా అవుతుందని నాకు తెలీదు, బావా. ఒట్టు. నిన్న ఆఫీసర్ గారు వైర్లు మారాయనగానే తెలిసింది. అప్పుడు నోరు రాలేదు."

"ఒరేయ్," అన్నాడు యజమాని. "ఒక మనిషి జైలుకి పోతుంటే చూస్తూ నిలబడ్డావు రా."

ఆఫీసర్ రాసిన రిపోర్టును నిలువునా చింపాడు. గోడ మీది గడియారం మూడున్నర దగ్గరుంది. అసలు సమయం నాలుగుకి అయిదు నిమిషాలు.

"నాతో ఆఫీసుకి రావాలి. ఇదే మాట అక్కడ రాసివ్వాలి," అన్నాడు ఆఫీసర్, బావమరిదితో.

"వస్తాడు," అన్నారు మాస్టారు. "వెళ్లే దారిలో ఆసుపత్రి ఉంది. ముందు అక్కడ దిగనివ్వండి. ఆమె కళ్లు తెరిచేసరికి ఇతను ఎదురుగా ఉండాలి. ఆ మాట ఇతని నోటి నుంచే వినాలి. అది కేసు కోసం కాదు, ఇతని కోసమే."

అందరూ కదిలారు. సాకెట్ సరిచేసి మూసేయమని యజమాని తలొంచుకుని అడిగాడు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపించి వచ్చి రెండు వైర్లూ విప్పి, వాటి చోట్లలో పెట్టి, గట్టిగా బిగించాడు. అంతవరకూ చేతులు వణకలేదు. బిగించడం అయ్యాక మాత్రం ఆగకుండా వణకసాగాయి. సంచిలోంచి తీసిన ఎర్ర సీసా మూత కూడా ఊడి రాలేదు.

భార్య అతని చేతిలోంచి సీసా తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్లకు కాటుక దిద్దేంత జాగ్రత్తగా ఒక స్క్రూ మీద గీత గీసింది. తర్వాత రెండోదాని మీద. ఆరేదాకా రెంటినీ ఊదింది.

అప్పుడే ఆమె చూపు తన కాళ్ల మీద పడింది.

"అయ్యో, పొద్దున్నుంచి ఈ చెప్పులతోనే తిరిగానా? మీరైనా చెప్పలేదేం మాస్టారూ?"

"మంచి సమయం కోసం చూస్తున్నానమ్మా," అన్నారు మాస్టారు, గొడుగు అందుకుంటూ.