ఇంటికొచ్చిన సీటు

"సీటు మన ఇంటికొచ్చింది. పెద్దోని కొడుకు ఉండంగా చిన్నోని కొడుకు ఎట్ల పోతాడు? రేపు గంగన్న పోతాడు, అంతే!"

ఓబమ్మ మొగుని అన్న పెద్దన్న ఆ మాట అనేసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె చేతిలో సంగటి తెడ్డు అట్లాగే ఆగిపోయింది...

తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, ఉచితంగా అన్నం పెట్టి, అక్కడే ఉంచుకుని చదివించే సర్కారు బడి పులివెందుల దగ్గర కొత్తగా తెరిచారు. జమ్మలమడుగు పక్క పల్లెల నుంచి ఎందరో పరీక్ష రాశారు. నెగ్గింది ఓబమ్మ కొడుకు నరసింహులు ఒక్కడే! పెద్దన్న కొడుకు గంగన్న ఆ పరీక్ష రాయనే లేదు. ఆ రోజు ప్రొద్దుటూరులో సినిమా చూస్తూ కూర్చున్నాడు.

అలాగని పెద్దన్నను దొంగ అనుకోకండి. దొంగ అయినా బాగుండేది! అతను ఇదే న్యాయమని మనసారా నమ్మాడు. గొర్రెలు మేపుకునే ఆ ఇంట్లో మంద ఉమ్మడి. అన్నదమ్ముల గొర్రెలన్నింటికీ చెవి మీద ఒకటే గాటు. ఏటా తొలి ఈతలో పుట్టిన పిల్ల పెద్దవాడిది. కొత్త కంబళి పెద్దవాడిది. బడిలో సీటు కూడా అంతే అనుకున్నాడు ఆ మహానుభావుడు!

"ఏమప్పా, నీకు నోరు లేదా? పరీక్ష రాసింది నీ కొడుకు గదా!" అని ఓబమ్మ మొగుణ్ణి నిలదీసింది.

లక్ష్మయ్య తలెత్తలేదు. "అన్న మాట ఎట్ల కాదంటాం మే..." అన్నాడు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటుంది ఆ తల్లి! పక్కన నరసింహులు ఏడవనైనా ఏడవకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అది చూసి ఆమె కొడుకు బట్టలు మూట కట్టింది.

తెల్లవారి మొదటి బస్సుకు పెద్దన్న, అతని భార్య నాగేశ్వరమ్మ, గంగన్న ట్రంకుపెట్టెతో వెళ్లిపోయారు. తర్వాతి బస్సుకు ఓబమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కింది. ముద్దనూరులో బస్సు మారి బడికి చేరేసరికి, హెడ్మాస్టరు గదిలో బావ గొంతు వినిపిస్తూనే ఉంది.

"నెగ్గిన పిల్లవాడే చేరాలయ్యా. వాడు రాకపోతే సీటు వేరే ఊరివాళ్లకు పోతుంది," అంటున్నాడు హెడ్మాస్టరు.

"పోనీండి సార్! పెద్దోనికి లేనిది చిన్నోనికీ వద్దు!"

ఎంత మాట!... కాపురానికి వచ్చిన నాటి నుంచి బావ ఎదుట నోరెత్తని ఓబమ్మ గడప దాటి లోపలికి వచ్చేసింది.

"ఎట్ల పోనిస్తావు బావా? తొలి గొర్రెపిల్లను తీసుకున్యావు, మాట్లాడలే. కొత్త కంబళి కప్పుకున్యావు, మాట్లాడలే. నా మొగుని పాలికొచ్చే గొర్రెలన్నీ నువ్వే తోలుకో, మేము కూలికి పోయి బతుకుతాం! మంద ఉమ్మడిది. నా కొడుకు తలకాయ ఉమ్మడిది కాదు!"

"ఆడదానివి, సార్ ముందర నా పరువు తీస్తాండావా?" పెద్దన్న గర్జించాడు.

"తీసుకునింది నువ్వే!" అంది నాగేశ్వరమ్మ. అందరూ అటు తిరిగారు. "దాని బిడ్డ నోటికాడి కూడు లాక్కుంటే మన బిడ్డకు ఒంటబడ్తాదా? దారి పొడుగునా చెప్తాండా, ఇన్యావా నువ్వు?"

ఆమె ట్రంకుపెట్టె తెరిచి గంగన్న బట్టలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ పెట్టెను నరసింహులు ముందుకు జరిపింది. కన్నకొడుకు కోసం కొన్నది కదా... ఒకసారి మూత తడిమి చెయ్యి తీసేసింది.

"నువ్వేమీ ఒదులుకోవద్దు ఓబమ్మా. గొర్రెల్లో నీ పాలు నీదే, బిడ్డ కూడా నీవాడే."

"అక్కా!" అంటూ ఓబమ్మ ఆమె భుజం మీద వాలి భోరున ఏడ్చింది. గంగన్న మాత్రం తప్పించుకున్నానన్న సంతోషం దాచుకోలేకపోయాడు.

హెడ్మాస్టరు కాగితం ముందుకు తోసి, "పిల్లవాడి తరఫున ఇంటిపెద్ద ఎవరు? ఇక్కడ వేలిముద్ర వేయాలి," అన్నాడు.

పెద్దన్న అలవాటు కొద్దీ ముందుకొచ్చి బొటనవేలు చాపాడు! నాగేశ్వరమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"నువ్వుండు," అంది. తోడికోడలి వీపు మీద చెయ్యి వేసి బల్ల దగ్గరికి నెట్టింది. "ఈమే సార్."

ఓబమ్మ వేలికి సిరా అంటింది. ఇన్నేళ్ల కాపురంలో దేనికైనా నీ వేలిముద్ర కావాలని ఆమెను అడిగినవాళ్లు లేరు. గట్టిగా ఒత్తింది.