పదిహేడో పొట్లం

ఉదయం ఆరున్నరకు గుత్తి జంక్షన్‌లో రైలు దిగిన రంగన్న, ఆరు ముప్పై ఏడుకల్లా ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క. చేతిలో ఫోన్. పంపేంత టైం దొరకని మెసేజ్ ఒకటి స్క్రీన్ మీదే ఆగిపోయింది: ‘పదిహేడో పొట్లం వాడొద్దు.’

తొమ్మిదింటికి ఆ ఫోన్ ఏజెంట్ సైఫుల్లా చేతిలో ఉంది. స్టేషన్ బయట జీపు వెనక సీట్లో కుదురుగా కూర్చోలేక మోకాలు ఆడిస్తున్నాడు. ముందు సీట్లో సీక్రెట్ సర్వీస్ ఛీఫ్ హేమావతి. వెనక్కి తిరిగి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు.

“రంగన్న ఎవరు, మేడమ్?”

“డేటా అనలిస్ట్. R అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాస్తాడు. జిల్లాలో డేటా పని చేసేవాళ్లంతా పనికొచ్చే కోడ్ ముక్కలు పంచుకోవడానికి ఒక వెబ్ పేజీ పెట్టాడు. ఒక్కో ముక్కకి పొట్లం అని పేరు. గ్రాఫ్ గీసేదొకటి, టేబుల్ కట్టేదొకటి, రిపోర్టు మొత్తం రాసి వర్డ్ ఫైలుగా చేతికిచ్చేదొకటి. అందరూ కాపీ కొట్టుకుంటారు. విప్పి చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు.”

“పదిహేడోది?”

“మండలాల వారీగా వాన సగటు తీస్తుంది. సాయంత్రం నాలుగింటికి కరువు రిపోర్టు దానంతటదే తయారై ఢిల్లీ పోతుంది. సగటు కోసం నేరుగా ఆ పేజీలోని పదిహేడో పొట్లాన్నే తీసుకుంటుంది.”

“రిపోర్టు ఆపేద్దాం.”

“ఈరోజే ఆఖరు గడువు. ఆపితే మన మండలాలు కరువు జాబితాలో ఉండవు. తప్పుగా వెళ్లినా ఉండవు. సాయం రాకపోతే రైతులు భూములు తెగనమ్ముకుంటారు. కొనడానికి ‘హెరాన్’ అనే విదేశీ ముఠా కాచుక్కూర్చుంది.”

“ఆ పొట్లం పెట్టిందెవరు?”

“చంద్రిక. ఆ ముఠాలోకి మనం పంపిన మనిషే. నెల నుంచి పలకడం లేదు. పెట్టినవాళ్లు వేలిముద్ర వేస్తే తప్ప పొట్లం మారదు.”

సైఫుల్లా పొట్లం విప్పాడు. ఐదంటే ఐదు వరుసలు. వైరస్ లేదు, దొంగ లింకు లేదు. నాలుగో వరుసలో na.rm = TRUE అని ఉంది. ఖాళీ గడులు వదిలేసి సగటు తీయమని దానర్థం. R నేర్చుకునే ప్రతివాడూ మొదటి వారంలోనే నేర్చుకునే ముక్క. దీనికోసం ఎవరైనా మనిషిని చంపుతారా? ల్యాబ్‌లో ఆ కోడ్‌ను పదిసార్లు రన్ చేశాడు, ఇరవైసార్లు గదిలో పచార్లు చేశాడు. ఏమీ దొరకలేదు. టీ చల్లారిపోయింది, ఇంకొకటి తెప్పించుకుని అదీ చల్లార్చాడు.

రెండింటికి రంగన్న ఫోన్ గ్యాలరీ తెరుచుకుంది. చివరి ఫోటో, గార్లదిన్నె దగ్గరి పల్లెలో వాన రిజిస్టరు పేజీ.

మూడున్నరకు వానమాపకం బాగుచేసే మెకానిక్ వేషంలో సైఫుల్లా ఆ పల్లెలో దిగాడు. వడగాలి మొహం మీద కొడుతోంది. రిజిస్టరు రాసే బాలప్పకు డెబ్బై ఏళ్లుంటాయి. వచ్చినవాణ్ని ఎగాదిగా చూశాడు.

“మీసం ఊడిపోతాండాది, చూసుకోప్పా.”

సైఫుల్లా మీసం పీకి జేబులో పెట్టుకుని రిజిస్టరు అందుకున్నాడు. “తాతా, ఆగస్టు నెలంతా రెండు దినాలే రాసినావు. మిగతాదంతా ఖాళీగా ఉండాదే?”

“వాన పడింది రెండు దినాలే కదప్పా.”

“మరి పడని దినం సున్నా రాయల్ల కదా?”

బాలప్ప జాలిగా చూశాడు. “రాని వానను ఏమని రాసేది? వస్తే రాస్తాం, రాకుంటే వదిలేస్తాం. మా నాయన కాలం నుంచీ, ఈ సుట్టుపక్కల ఊర్లన్నిట్లో ఇంతే. ఇదో, ఈడ గీత కొట్టినా సూడు. ఆ పొద్దు కొత్తచెరువుకు పెండ్లికి పోయినా. కొలిచేదానికి నేను లేను.”

సైఫుల్లా ఆ రెండు దినాల అంకెలు కూడాడు. ఇరవై రెండు, పద్దెనిమిది. మొత్తం నలభై మిల్లీమీటర్లు. గీత ఉన్న రోజు తీసేసి ముప్పై రోజులకు పంచితే రోజుకు ఒకటి పాయింట్ మూడు. అది కరువు. కానీ ఆ పొట్లం ఖాళీ రోజులన్నీ పారేసి రెండుతోనే భాగిస్తుంది. రోజుకు ఇరవై! కోనసీమకు కూడా కన్నుకుట్టే వాన.

“రేపు బ్రోకరు వస్తాండాడప్పా,” అన్నాడు బాలప్ప. “నా ఐదెకరాల శెనక్కాయ చేను రాసిస్తాండా. లిస్టులో మన ఊరుండదని వానికి ముందే తెలుసంట.” సైఫుల్లాకు కోపంతో ఒళ్లు మండింది.

“చేతులు పైకెత్తు.”

వెనక చంద్రిక. ధర్మవరం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. ఎర్రమట్టిలో హైహీల్స్‌తో ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి.

సైఫుల్లా చేతులెత్తి కోడ్‌వర్డ్ వదిలాడు. “ఈ యేడు సజ్జ బాగుండాదా?”

“కంకి కట్టలేదు.” జవాబు సరిగ్గానే వచ్చింది. పిస్టల్ మాత్రం దిగలేదు.

“రంగన్న ఏం పాపం చేసినాడు చంద్రికా?”

“వాళ్లు రిజిస్టర్ల ఫోటోలు అడిగినారు, ఇచ్చినా. పొట్లం రాసిచ్చినారు, పెట్టినా. వాళ్లు నన్ను నమ్మల్ల కదా, మామూలు కోడే అనుకున్నా. చంపుతారని తెలీదు సైఫుల్లా. ఒట్టు.”

ఆమె చెవి జూకాలోంచి విదేశీ గొంతు గరగరలాడింది. పని ముగించమంటోంది. మూడు యాభై ఒకటి. చంద్రిక జూకా పీకి పక్కనే ఉన్న వానమాపకంలో పడేసింది. ఆగస్టు నుంచి అందులో పడిన మూడో చినుకు అదే.

“ఫోన్ తియ్. పొట్లం మార్చల్ల. సిగ్నల్ యాడుండాది తాతా?”

“ట్యాంకు మీద.”

నీళ్లెరగని ఓవర్‌హెడ్ ట్యాంకు మెట్లు ముగ్గురూ ఎగబాకారు. మూడు యాభై ఆరు. సైఫుల్లా వేళ్లు ఫోన్ మీద పరుగెత్తాయి. గీత ఉన్న రోజు తీసెయ్. ఖాళీ రోజు సున్నా పెట్టు. తర్వాతే సగటు. రన్ కొట్టాడు. ఎర్రక్షరాలతో ఎర్రర్.

“బ్రాకెట్ మూయలేదు!” చంద్రిక అరిచింది.

“యాడ?”

“రెండో వరుస. బిరీన!”

మూడు యాభై తొమ్మిది. వేలిముద్ర పెట్టింది. చెమటకు ఫోన్ ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టింది. ఒప్పుకోలేదు. బాలప్ప తువ్వాలు లాగి ఆమె వేలు గట్టిగా తుడిచాడు. ఇంకా రెండు సెకన్లుండగా ‘సేవ్’ అని పడింది.

నాలుగు దాటిన నిమిషానికి ఫోన్‌లో రిపోర్టు దిగింది. అంకెను పదిహేడో పొట్లం లెక్కగట్టింది, వాక్యాన్ని ఇంకో పొట్లం రాసింది: ‘గార్లదిన్నె మండలం. రోజుకు సగటు వాన 1.3 మి.మీ. తీవ్ర కరువు.’

సైఫుల్లా ఎగిరి గంతేశాడు. చంద్రిక కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. హేమావతి ఫోన్ చేసింది. సూది గుచ్చినవాడు గుత్తిలోనే దొరికాడట, చంద్రికను విచారణకు తీసుకురమ్మంది. చంద్రిక పిస్టల్ సైఫుల్లా చేతికిచ్చింది.

“ఏమైందప్పా?” బాలప్ప అడిగాడు.

“గెలిచినాం తాతా! నీ చేను నీకే. మీ ఊర్లో కరువుండాదని రుజువైపోయింది.”

బాలప్ప ట్యాంకు మీద నుంచి ఎండిన చేల వైపు ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“ఆ మాట నన్నడిగుంటే పొద్దున్నే చెప్పుందును కదప్పా.”