పక్కకి ఒరగని వేడి

తెనాలి స్టేషన్‌లో రేపల్లె పాసింజర్ ఆగింది. ఏజెంట్ కరుణాకర్ పశువుల ఆసుపత్రి ఉద్యోగి వేషంలో, చేతిలో లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌తో నిలబడ్డాడు. దిగినవాళ్లలో అందరి చూపులూ తనవైపు తిప్పుకుంటూ దీప్తి వచ్చింది.

"నందివెలుగులో వాన పడిందాండీ?"

"లేదండి. కాకుమానులో పడింది."

కోడ్ సరిపోయింది. దీప్తి అగ్గిపెట్టె అందించింది. లోపల మినప్పప్పు బద్దంత నల్లటి క్రిస్టల్.

"అసలుది ఇదేనండి. వాళ్లకి నకిలీది ఇచ్చేశాను. పడవ బయల్దేరింది. గిరీష్ అందులోనే బందీగా ఉన్నాడు. ఆపారో, అతన్ని కాల్చేస్తారు."

విదేశీ ముఠాలో మనకోసం పనిచేసే డబుల్ ఏజెంట్ దీప్తి. గిరీష్ ఎనిమిదేళ్లుగా కరుణాకర్ పార్ట్‌నర్.

ఫోన్‌లో చీఫ్ గొంతు కటువుగా వచ్చింది. "పన్నెండింటికి పడవ మన నీళ్లు దాటుతుంది. క్రిస్టల్ టెస్ట్ చేయించు. నీ దగ్గరున్నది నకిలీ అయితేనే కోస్ట్‌గార్డ్ కదులుతుంది. ఆర్డర్ నీదే."

తొమ్మిదింటికి దీప్తిని వెంటబెట్టుకుని బాపట్ల ల్యాబ్‌కి చేరాడు. అసలు సూపర్‌కండక్టర్ క్రిస్టల్‌ని పదకొండు నెలలు కష్టపడి పెంచిన సైంటిస్టు సీతారావమ్మ తలుపు తీసింది.

"కరెంటు పంపి చూడండి, మేడమ్."

"ఏం లాభం బాబూ? చల్లబడ్డాక అసలుదైనా నకిలీదైనా రెసిస్టెన్స్ సున్నాయే. వేడి పంపాలి. వేడిని ఎలక్ట్రాన్లూ మోస్తాయి, క్రిస్టల్‌లోని అణువుల అదురూ మోస్తుంది. అయస్కాంతం పెడితే ఎలక్ట్రాన్లు మోసే వేడి పక్కకి ఒరుగుతుంది. అదురు మోసేది దాదాపు తిన్నగా పోతుంది. నా క్రిస్టల్‌లో మలినం లేదు కాబట్టి బాగా ఒరుగుతుంది, నకిలీలో ఒరగదు."

"ఎంతసేపు?"

"అది స్థిరపడేదాకా. తొందరపెడితే అబద్ధం చెబుతుంది."

క్యాన్‌లోని నైట్రోజన్ పొగలు కక్కుతూ పాత్రలోకి దిగింది. కరుణాకర్ నడుముకి పిస్టల్ ఉంది, చొక్కా గుండీలో కెమెరా ఉంది. ఏదీ పనికిరాదు. గిరీష్ ప్రాణం, వేడి కొలవడానికి క్రిస్టల్‌కి రెండు పక్కలా అతికించిన వెంట్రుకంత సన్నటి రెండు తీగల మీద ఆధారపడి ఉంది. అతను చెయ్యగలిగింది కూర్చోవడమే.

పదకొండూ ముప్పై ఐదు. స్క్రీన్ మీద అంకె నిలిచింది. క్రిస్టల్ రెండు పక్కలకీ మధ్య డిగ్రీలో వెయ్యో వంతులు మూడు తేడా. వేడి ఒరిగినట్టే.

"చెప్పాను కదండీ," అంది దీప్తి.

పడవని వదిలెయ్యమని చెప్పడానికి ఫోన్ తీశాడు. సీతారావమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు బాబూ. తీగలు కాస్త వంకరగా అతికినా ఇలాగే చూపిస్తుంది. అయస్కాంతం దిశ తిప్పుతాను. ఎలక్ట్రాన్ల పనే అయితే వేడి రెండోవైపుకి ఒరగాలి. ప్లస్ మైనస్ కావాలి."

"టైమ్ లేదండీ!"

"దానికి ఆ సంగతి తెలియదు."

అంకె పాకింది, ఆగింది, మళ్లీ పాకింది. పదకొండూ యాభై ఎనిమిదికి నిలిచింది. అదే మూడు. అదే ప్లస్. ఏమీ తిరగబడలేదు.

నకిలీ.

"ఎందుకు దీప్తీ?"

"మీరు నన్ను చేర్చుకోడానికి మూడేళ్ల ముందే వాళ్లు చేర్చుకున్నారండి," అంది ఆమె నెమ్మదిగా.

గిరీష్ ముఖం కళ్లముందు మెదిలింది. అయినా చీఫ్‌కి ఫోన్ చేశాడు. "ఆపండి."

నలభై నిమిషాలు గడిచాయి. ఫోన్ మోగింది.

"హద్దుకి రెండొందల మీటర్ల ఇవతల పట్టుకున్నారు. అసలు క్రిస్టల్ దొరికింది. గిరీష్‌కి భుజంలో తూటా దిగింది, బతుకుతాడు. శభాష్!" అన్నాడు చీఫ్. "రిపోర్టులో రాయాలి. ఈ మూడు గంటలూ నువ్వేం చేశావ్?"

కరుణాకర్ కుర్చీలోంచి లేవబోయాడు. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు.

"టెంపరేచర్ చూశాను సార్."