ఫొటోకీ ఫొటోకీ నడుమ

పిల్లలూ, ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. వీడియోలో ఒక ఫొటో పోయి ఇంకో ఫొటో వస్తుంది కదా, ఆ రెండింటి నడుమ ఏముంటుంది?

ఏమీ ఉండదు అంటారా. ఆళ్లగడ్డ హేమలత కూడా అట్లాగే అనుకుంది.

హేమలత అత్త పేరు జానకమ్మ. నడుము పడిపోయి రెండేళ్లు మంచంలో ఉండి, మొన్న వేసవిలో పోయింది. ఇంటి వెనక చిన్న గది. గదికి నీలం రంగు తలుపు, తలుపుకు బయట గడియ. పక్క తడుపుతుందని హేమలత మొదట రాత్రిపూట నీళ్లు మానేసింది. తర్వాత పగలూ మానేసింది. తిండి పెడితే ఎత్తిపోసే పని పెరుగుతుందని అదీ తగ్గించింది. మొగుడు సుబ్బరాయుడు రాతి విగ్రహాలను లారీకెత్తించి ఊరూరా దించివచ్చే మనిషి. ఇంటికొచ్చిన రోజు అమ్మ తినిందా అని అడుగుతాడు, తినింది అంటుంది, అంతటితో సరి.

ఫొటోలు మాత్రం ఉన్నాయి. ఒక మధ్యాహ్నం హేమలత సెల్లును స్టాండుకు తగిలించి, కంచంలో పెరుగన్నం కలిపి, స్పూను అత్త నోటి దగ్గర పెట్టింది. ఫొటో పడగానే స్పూను వెనక్కి తీసింది. చీర మార్చుకుని వచ్చింది, అత్త మీది దుప్పటి మార్చింది, మళ్లీ స్పూను పెట్టింది. ఇట్లా ఆరుసార్లు. ఈసారైనా పెడుతుందేమోనని ముసలామె ఆరుసార్లూ నోరు తెరిచింది. ఆరో ఫొటో అయ్యాక కంచం తీసుకుపోయి కుక్క ముందర పెట్టింది. ఆ ఫొటోలనే ఒక్కో పండక్కి ఒక్కోటి చొప్పున స్టేటస్‌లో పెట్టుకుంటూ వచ్చింది.

జానకమ్మ పోయిన రోజు కూతురు సంధ్య వెలుగోడు నుంచి వచ్చింది. తల్లి దవడలు తడిమి చూసింది. పెదవులు చూసింది. ఏడవలేదు. అందరి ముందరా ఒకే మాట అంది.

"మా యమ్మను ఎండబెట్టి సంపినారు."

పదకొండో దినం నాడు కూర్చుని తేలుద్దామన్నారు పెద్దలు. సంధ్య చెప్పింది నిజమైతే ఇక ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టమని అయినవాళ్లంతా ఒక్క మాటగా చెప్పి పోయారు. అంటే హేమలత బతికుండగానే అయినవాళ్లకు లేనిదైనట్టు. అందుకే ఆమెకు వీడియో కావలసి వచ్చింది. పందిట్లో పెద్ద టీవీ మీద, వచ్చినవాళ్లంతా చూసేటట్టు, అత్తకు తాను తినిపిస్తున్న వీడియో.

ఆళ్లగడ్డలో చేయిస్తే నోళ్లు ఊరుకోవు. పదో రోజున శిరివెళ్ల మీదుగా బస్సులో నంద్యాలకు పోయింది. బస్టాండు వెనక సందులో ఆర్షియా అనే పిల్ల పెళ్లిళ్లకూ దినాలకూ వీడియోలు చేస్తుంది. మిట్టమధ్యాహ్నం. బయట ఎండకు రోడ్డు మెరుస్తోంది. లోపల అద్దాలకు నల్ల కాగితం అంటించి ఉంది, కంప్యూటరు వెలుగు తప్ప ఇంకో వెలుగు లేదు.

ఆర్షియా ఆరు ఫొటోలూ వరసగా పేర్చింది. "నడుమ ఎఫెక్టు ఏం పెడదాం అక్కా? దినాలకైతే మామూలుగా కరిగిపొయ్యేది పెడతాము. చూసినోళ్లకు ఏడుపొస్తాది."

"అదే పెట్టు. ఏడ్చాల్సినోళ్లు ఉండారు."

కరిగిపోవడం అంటే ఏమిటో చెబుతాను, బాగా వినండి. మొదటి ఫొటో నెమ్మదిగా పలచబడుతుంది. రెండోది నెమ్మదిగా చిక్కబడుతుంది. నడుమ ఒక్క సెకను రెండూ కలిసి ఉంటాయి.

ఆ ఒక్క సెకనులో హేమలత చూసింది. పచ్చచీర పూర్తిగా పోలేదు, ఎర్రచీర పూర్తిగా రాలేదు. స్పూను వెనక్కి పోయింది. జానకమ్మ నోరు ఖాళీగా మూతపడింది. గొంతులో ఉండ ఒకటి పైకి లేచి కిందికి దిగింది. మళ్లీ నోరు తెరుచుకుంది.

ఫొటో కదా అది. ఫొటోలో మనిషి గుటక వేయదు కదా.

మళ్లీ వేయమంది. మళ్లీ అంతే. ఆర్షియా నవ్వి, రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడితే కదిలినట్టే ఉంటుందని, అందరూ ఇదే మాట అంటారని చెప్పింది. హేమలత కొంగుతో మెడ తుడుచుకుని వేరేది చూపించమంది.

పుస్తకంలో కాగితం తిప్పినట్టు ఫొటో తిరిగే ఎఫెక్టు ఒకటి ఉంది. ఆర్షియా అది పెట్టింది. ఫొటో మూల కొంచెం పైకి లేచింది... నెమ్మదిగా... కాగితం తనంతట తాను లేచినట్టు లేదు. కింది నుంచి ఎవరో వేలు పెట్టి ఎత్తుతున్నారు. వేలికి గోరు. పసుప్పచ్చగా, వంకర తిరిగి, నెలల తరబడి ఎవరూ తీయని గోరు.

గదిలో పులిసిన పెరుగు వాసన వచ్చింది. దాని కింద ఇంకో వాసన... తడిసి ఆరి మళ్లీ తడిసిన బొంత వాసన.

"ఏందీ వాసన, పాపా?"

ఆర్షియా గాలి పీల్చి చూసింది. తనకేమీ రాలేదంది. అదీ నచ్చకపోతే తలుపులు తెరుచుకునే ఎఫెక్టు ఉందని, అది చాలా నిండుగా ఉంటుందని, హేమలత వద్దనేలోపే నొక్కింది.

ఆర్షియా దగ్గరున్న ఎఫెక్టులో రెండు రెక్కలుంటాయి. బంగారు రంగు. హేమలతకు కనిపించింది ఒకే రెక్క. నీలం రంగు. బయట గడియ.

తెరుచుకోలేదు.

ఠంగ్... లోపలి నుంచి. స్టీలు చెంబుతో తలుపు మీద కొట్టిన చప్పుడు. ఠంగ్... చప్పుడుకూ చప్పుడుకూ నడుమ చాలాసేపు. చెయ్యి ఎత్తడానికి బలం లేనివాళ్లు కొట్టినట్టు. ఠంగ్...

తర్వాత గుసగుస. చెవి పక్కనే.

"హేమా... ఒక్క గుక్క..."

హేమలత ఆర్షియా మణికట్టు పట్టుకుంది. "తీసెయ్."

"ఏది అక్కా?"

"అన్నీ. ఎఫెక్టే వద్దు. ఒకటి పోతానే ఇంగొకటి వచ్చేయాల. నడుమ సందు ఉండగూడదు."

ఆర్షియా అన్నీ తీసేసింది. పచ్చచీర, ఎర్రచీర, నీలిచీర... టక్కు టక్కుమని ఆరూ వచ్చిపోయాయి. ఎవరూ కదల్లేదు. చప్పుడు లేదు. వాసనా లేదు. హేమలత ఊపిరి వదిలింది.

పెన్‌డ్రైవులో ఎక్కిస్తూ ఆర్షియా, ఇటు తిరక్కుండానే, ఆరు ఫొటోల్లోనూ అన్నం ఒకే మాదిరి ఉందని, ఒక్క మెతుకు కూడా కదల్లేదని అంది.

"నీ పని ఎఫెక్టులు పెట్టేది. అన్నం కొలిచేది కాదు," అంది హేమలత.

మరుసటి రోజు పందిట్లో టీవీ పెట్టారు. సంధ్యను కావాలనే ముందు వరసలో కూర్చోబెట్టింది. వీడియో మొదలైంది. ఉగాదికి తినిపిస్తోంది, వినాయక చవితికి తినిపిస్తోంది, దసరాకు తినిపిస్తోంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సంధ్య మొహం మెల్లగా మెత్తబడింది. పోయినరోజు ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చింది. లేచి వచ్చి హేమలత చేతులు పట్టుకుంది.

"తప్పుగా అంటి వదినా. నువ్వింత చేసినావని నాకు తెల్దు."

ఏం పోనీలే అంది హేమలత. సంధ్య మేనమామ రంగయ్య పెద్దమనిషి. వదినా మరదళ్లు ఒకే విస్తరిలో తింటే మాట తీరిపోయినట్టేనని, వడ్డించే లోపల వీడియో మళ్లీ మళ్లీ తిరగనీమని చెప్పాడు. టీవీ తెచ్చినాయన అట్లాగే పెట్టాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఒకటికీ రెండుకూ నడుమ సందు మూసింది. రెండుకూ మూడుకూ మూసింది. ఆరో ఫొటో అయిపోయి మళ్లీ మొదటిది రావాలి కదా? అక్కడ?

అక్కడ తెర నల్లబడింది. ఒక్క క్షణమే. చూసినవాళ్లకు ఉత్త నలుపు. హేమలతకు మాత్రం గది కనిపించింది. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద జానకమ్మ, నోరు తెరుచుకుని.

రెండోసారి తెర నల్లబడినప్పుడు జానకమ్మ లేచి కూర్చుని ఉంది.

మూడోసారి కాళ్లు నేల మీద.

నాలుగోసారి గడప దగ్గర.

ఐదోసారి... గది ఖాళీ.

"రా వదినా," అని సంధ్య పిలిచింది. విస్తరి ముందర కూర్చోబెట్టింది. పప్పన్నం కలిపి, తన చేత్తో ముద్ద చేసి హేమలత నోటి దగ్గర పెట్టింది. ఇది ఫొటో తీయండప్పా అన్నాడు రంగయ్య. నాలుగైదు సెల్లులు లేచాయి.

హేమలత నోరు తెరిచింది.

ఫొటోలు పడ్డాయి... ముద్ద వెనక్కి పోయింది.

నోట్లో ఏమీ లేదు. నాలుక మీద మెతుకు లేదు, ఉప్పు లేదు, తడి లేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. సంధ్య చెయ్యి ఖాళీ. తినింది అని ఎవరో అన్నారు. ఇంకో ముద్ద వచ్చింది. నోరు తెరిచింది. ఖాళీగా మూసింది. నీళ్ల గ్లాసు ఎత్తి తాగింది. గొంతులో ఉండ పైకి లేచి కిందికి దిగింది, పొడిగా.

ఆ రోజు నుంచీ అంతే. కంచం ముందర కూర్చునేది, కంచం ఖాళీ అయ్యేది, చూసినవాళ్లకు తిన్నట్టే ఉండేది. ఆమె లోపలికి ఒక్క చుక్క దిగేది కాదు. ఆకలైతాంది, దప్పికైతాంది అని అరిస్తే, ఇప్పుడే కదే తింటివి అనేవాళ్లు. నెల తిరిగేసరికి లేవలేక వెనక గదిలో పడింది. సుబ్బరాయుడు లారీలు మానుకుని తన చేత్తో తినిపించాడు. తింటాంది చూడండని పూటకో ఫొటో తీసి చుట్టాలకు పంపాడు. నలభై ఏడో రోజు పోయింది. చూసిన డాక్టరు పక్కకు పిలిచి, ఈమెకు చాలా దినాలుగా ఎవరూ అన్నం నీళ్లు పెట్టలేదు అన్నాడు.

ఈసారి అందరి వేళ్లూ సుబ్బరాయుడి మీదికి లేచాయి. తల్లిని ఆ గదిలోనే, పెండ్లాన్ని ఆ గదిలోనే, అన్నారు.

తాను తినిపించానని నిరూపించుకోవాలి కదా. సెల్లు పట్టుకుని నంద్యాలకు పోయాడు. ఆర్షియా నలభై ఫొటోలు పేర్చింది. ఎఫెక్టులేవీ పెట్టలేదు, అడగనూ లేదు. పేర్చడం అయ్యాక చూస్తే చివరి ఫొటో తర్వాత ఇంకోటి వచ్చి కూర్చుని ఉంది. సుబ్బరాయుడు ఇచ్చింది కాదు. ఆమె పెట్టింది కాదు. అగ్గిపెట్టె అంత బొమ్మలో ఒక స్పూను కనిపిస్తోంది, దాని ముందర తెరిచిన నోరు ఒకటి. మొహం ఎవరిదో చూడాలంటే దాని మీద నొక్కాలి.

నొక్కలేదు. తీసేసింది. మళ్లీ వచ్చింది. తీసేసింది.

"ఏం పాపా, అయిందా?" అని వెనక నుంచి సుబ్బరాయుడు అడిగాడు.

ఆర్షియా తిరిగి చూడలేదు. చిన్న బొమ్మలోని నోరు... ఇందాకటికన్నా కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంది.

మొహం ఎవరిదని నన్నడగొద్దు, ఆ పిల్ల ఇప్పటికీ చూడలేదు. జరగండి, లేవనీండి. చేటలో కందిబ్యాళ్లు సగమే ఏరి వచ్చినాను, చీకటి పడితే రాళ్లు కనపడవు.