ఉదజని అల్లుడు

అరకు శుక్రవారం సంతలో వరహాలరావు స్టీలు సామాన్ల దుకాణం ముందు నిలబడి, ఒక కుర్రవాడు డజను కంచాలు కొని, అన్నిటికీ బెజ్జాలు పెట్టి ఇమ్మన్నాడు. కంచాల మీద పేర్లు చెక్కడమే గాని కంచాలకి చిల్లులు పెట్టడం వరహాలరావు వంశంలో లేదు. ఆయన అటూ ఇటూ చూసి, బేరం పోతుందేమోనని డ్రిల్లింగ్ మెషీన్ తీశాడు.

అవే ఆ వారానికి ఆఖరి కంచాలు. కాఫీ పళ్ళు కోసే కూలీలకి అన్నం పెట్టడానికి అవే కంచాల కోసం కొండ దిగి వచ్చిన రమణి, బుట్ట కింద పెట్టి నడుం మీద చెయ్యి పెట్టింది.

"కంచానికి కన్నం పెట్టి అన్నం ఎలా తింటావు? కారిపోదేటి?"

"తినడానికి కాదు. నీళ్ళు విరగ్గొట్టడానికి."

"పాలు ఇరుగుతాయి గాని నీళ్ళు ఇరుగుతాయేటి?"

కుర్రవాడికి ఇంత చక్కటి ప్రశ్న డిప్లొమాలో కూడా ఎవరూ వెయ్యలేదు. పేరు ఫల్గుణ. ఊరు కొయ్యూరు వైపు. ఎలక్ట్రికల్ చదివి, అరకు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పగలు పగిలిన అద్దాలు అతికిస్తాడు. మిగిలిన టైములో హైడ్రోజన్ గురించి ఆలోచిస్తాడు.

అక్కడే, కంచాలు చేత్తో పట్టుకుని, ఆమెకి పాఠం చెప్పాడు. నీళ్ళలో స్టీలు పలకలు నిలబెట్టి కరెంటు పంపితే నీరు రెండుగా చీలి, ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క ఆక్సిజన్ వస్తాయి. ఆ హైడ్రోజన్‌ని పట్టి దాచి, ఫ్యూయల్ సెల్ అనే అరచేతంత పెట్టెలోకి వదిలితే, గాలిలో ఆక్సిజన్‌తో మళ్ళీ కలిసి నీరవుతూ కరెంటు ఇస్తుంది. ఎండ ఉండగా చీల్చి, ఎండ పోయాక కలిపితే దీపం.

"కలిసున్నోటిని ఇడదీసి, మళ్ళీ కలిపితేగాని ఎలుగు రాదేటి?" అంది రమణి.

ఫల్గుణ దగ్గర దీనికి జవాబు లేదు. ఇంకా చెప్పాలంటే, సోలార్ ప్యానెల్ కూడా లేదు.

రమణి ఇంటి కాఫీ షెడ్డు మీద ఒకటుంది. బ్యాటరీ చచ్చినప్పటి నుంచీ అది కోళ్ళకి నీడనివ్వడం తప్ప ఏమీ చెయ్యడం లేదు. సగం కంచాలు చిల్లులు పెట్టించకుండా తనకి వదిలేస్తే ప్యానెల్ చూపిస్తానంది. కంచాల దగ్గర మొదలైన తగువు పంచాయితీ లేకుండా పంపకంతో తీరింది.

రమణి తండ్రి సర్వేశ్వరరావు మాటల్లో పొదుపరి. ప్యానెల్ వాడుకోమన్నాడు, అద్దె వద్దన్నాడు, పని ఉన్నప్పుడు చెయ్యి వెయ్యమన్నాడు. ఫల్గుణ సంతోషించి, సరే బాబాయ్ అన్నాడు. గుమ్మంలో కూర్చున్న మామ్మ, చుట్ట నిప్పు నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, అది కాస్త పక్కకి జరిపి, బాబాయ్ కాదు, మావా అని పిలవమంది. ఇక్కడి మర్యాద కాబోలనుకుని ఫల్గుణ ఆ రోజు నుంచే మావా అనడం మొదలుపెట్టాడు.

ఆ కొండ మీద ఒక పాత పద్ధతి పూర్తిగా చావలేదు. పిల్లని కోరినవాడు ఆ ఇంట్లో ఒక పంటకాలం చాకిరీ చేస్తాడు. దాన్ని సేవ అంటారు. చేసిన తీరు నచ్చితే పిల్లనిస్తారు. కానుకల గొడవ లేదు, కష్టమే కానుక. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఫల్గుణ వైపు ఆ ఆచారం ఎప్పుడో పోయింది కనక, ఒక్క ఫల్గుణకే తెలియదు.

అతను మాత్రం ఉదయం కొట్టు తెరిచి, మధ్యాహ్నానికి మూసి, కొండెక్కేవాడు. వాలులో కోసిన కాఫీ పళ్ళ బుట్టలు భుజాన వేసుకుని షెడ్డుకి చేర్చేవాడు. తోలు తీసే మెషీను చక్రం తిప్పేవాడు. గింజలు కడిగేవాడు. మధ్యలో ఖాళీ దొరికితే కంచాల అంచులు కోసి, మధ్యలో లారీ ట్యూబు రబ్బరు పెట్టి, బోల్టులు బిగించేవాడు. జనం చూసేది బుట్టలు. అతను చూసేది బోల్టులు. ఎవరి చూపు వారిది.

మామూలు నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు. అందులో కలపడానికి అరటి బొదెలు కాల్చిన బూడిద నానబెట్టి, ఆ తేట నీరు వంచి ఇచ్చింది మామ్మ. బట్టలుతకడానికి వాళ్ళింట్లో వాడేది అదే. బూడిదలో పోసిన పన్నీరని లోకం ఏడుస్తుంది. ఇక్కడ బూడిదలోంచే పన్నీరు పిండుతున్నారు. దానికి బదులుగా మామ్మ ఒకటే అడిగింది, ఈ సెల్లులో సిమ్ము ఎక్కడ పెడతారని.

తెలుగు పుస్తకాల్లో హైడ్రోజన్‌ని ఉదజని అన్నారు. ఉదకంలో జనించేది ఉదజని. ఉబలాటంలో జనించేదానికి వేరే పేరుంది గాని, ఫల్గుణ ఇంకా ఆ పాఠం దాకా రాలేదు.

ఆ పాఠానికే వస్తున్నాడు. బుట్ట దించేటప్పుడు రమణి రెండో వైపు పట్టుకునేది. దించాక ఒక చూపు చూసేది. ఆ చూపుకి వోల్టేజి ఎంతో కొలిచే మీటరు అతని కొట్లో లేదు. తుపాను వాన పట్టి వారం పాటు ఎండ లేనప్పుడు, హైడ్రోజన్ తయారు కాదని తెలిసీ తడుస్తూ కొండెక్కాడు. ఎందుకొచ్చావని రమణి అడిగితే, గొట్టాలు చూసుకోవడానికన్నాడు. ఆమె కాఫీ ఇచ్చింది. గొట్టాల వైపు ఇద్దరూ చూడలేదు.

ఈలోగా రంపచోడవరంలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్న ఒకతని సంబంధం రమణికి వచ్చింది. సర్వేశ్వరరావు వాళ్ళకి మర్యాద చేసి, ఇంట్లో ఒకడు సేవ చేస్తున్నాడని చెప్పి పంపేశాడు. ఈ మాట కూడా ఊరంతా తిరిగింది, ఫల్గుణని తప్పించుకుని.

మబ్బు విడిచాక ఒక సాయంత్రం గ్యాసు పట్టడానికి పెద్ద డ్రమ్ము నీళ్ళలో బోర్లించిన చిన్న డ్రమ్ము, లోపల హైడ్రోజన్ నిండి, నీళ్ళలోంచి మెల్లగా పైకి లేచింది. గొట్టం తెచ్చి ఫ్యూయల్ సెల్లుకి తగిలించాడు. బల్బు వెలిగింది. షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. కాసేపు చూశాడు. తరవాత గొట్టం పీకేసి, రబ్బరు కారుతోందని అందరికీ చెప్పాడు. మర్నాడు బోల్టు అన్నాడు. ఆ మర్నాడు తప్పు బూడిద నీళ్ళ మీద పెట్టాడు. బల్బు వెలిగిందంటే పని అయిపోయినట్టు. పని అయిపోతే కొండెక్కడానికి కారణమేముంటుంది?

కాఫీ ఆఖరి బుట్ట దిగిన రోజు ఊరి పెద్ద సుక్రు కబురు లేకుండా వచ్చి షెడ్డులో కూర్చున్నాడు. వెనక పదిమంది. వాళ్ళు దేనికొచ్చారో ఫల్గుణకి అర్థం కాలేదు. దీపం చూడటానికనుకున్నాడు. ఇక దాచి లాభం లేదని, ముందు మామ్మని చుట్టతో సహా బయటికి వెళ్ళమని బతిమాలాడు. నిప్పు నా నోట్లో ఉంది గాని నీ షెడ్డులో లేదు కదాని ఆవిడ వాదించింది. ఈ గాలి అంటుకుంటే నోరు, షెడ్డు అన్న తేడా చూడదని చెబితే లేచింది. మామ్మని లేపగలిగాడంటే అల్లుడు కాక ఇంకెవరని వెనక ఎవరో గొణిగారు.

గొట్టం తగిలించాడు. రెండు బల్బులు వెలిగాయి. ఊరు చూసింది, బాగుందంది. ఆ తరవాత సుక్రు గొంతు సవరించుకున్నాడు.

"మొదటి బుట్ట నుంచి ఆఖరి బుట్ట దాకా ఈ గుంటడు మోసినాడు. సేవ అయింది. సర్వేశ్వరరావూ, పిల్లనిత్తావా?"

"ఇత్తాను."

ఫల్గుణ చేతిలో స్పానరు అలాగే ఉంది. "సేవేటి తాతా?" అన్నాడు. "నేను ప్యానెల్ కోసం మోసినాను కదా."

తన దీపం వెలుగుతున్నందుకు అతను మొట్టమొదటిసారి విచారించాడు. అందరి మొహాలూ స్పష్టంగా కనిపించాయి. సుక్రు కళ్ళు దించుకున్నాడు. రమణి గోడకి ఆనుకుని ఉన్నది కాస్తా తిన్నగా నిలబడి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

"అయితే రేపొచ్చి ప్యానెల్ ఇప్పుకుని పట్టుకుపో," అన్నాడు సర్వేశ్వరరావు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

దారిలో ఒకాయన జాలిపడి ఆచారం సంగతి ఫల్గుణకి వివరంగా చెప్పాడు. అన్ని చూపులూ అన్ని మావాలూ ఒక్కసారి వచ్చి అతని మీద పడ్డాయి. ఆ రాత్రి అతని కొట్లో ఒక్క ఫోనూ బాగవలేదు.

తెల్లారి వచ్చాడు, స్పానరు లేకుండా. సర్వేశ్వరరావు వసారాలోంచి చూశాడు. రమణి పెరట్లో, గింజలు ఆరబోసిన టార్పాలిన్లు కడిగి ఆరేస్తోంది.

"ప్యానెల్ అటేపు," అంది.

"దానికి రాలేదు."

"ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. నీకు తెలీదేటి?"

"తెలీదు. నువ్వు సెప్పలేదు."

"నేనెందుకు సెప్తాను? ఎరిగే మోత్తన్నావనుకున్నాను. నువ్వు బుట్ట దింపినప్పుడల్లా నాకు..." అని ఆగి, టార్పాలిన్ గట్టిగా దులిపింది. నీళ్ళు అతని మొహాన పడ్డాయి. అతను తుడుచుకోలేదు.

"వచ్చింది ప్యానెల్ కోసమే," అన్నాడు. "అబద్ధం ఆడను. కానీ దీపం ఎప్పుడో ఎలిగింది రమణీ. రబ్బరు కారలేదు, బోల్టు జారలేదు. ఎలిగిందని సెప్తే మరి రావడానికి ఉండదని ఆర్పేసుకున్నాను. ఆ సేవ ఏటో నాకు తెలీదు. నువ్వు కావాలని మాత్రం తెలుసు."

రమణి టార్పాలిన్‌ని తాడు మీద వేసి అంచు లాగింది.

"తెలీక సేసిన సేవ లెక్కకి రాదు," అంది. "ఎరిగి సెయ్యి."

"ఎన్నాళ్ళు?"

"నాకు సాలనిపించేదాకా."

వసారాలోంచి సర్వేశ్వరరావు కేకేశాడు. "ఏటమ్మా, ఇప్పుతన్నాడా?"

"లేదు నాయినా. ఉంటాదంట."

"ప్యానెలేనా?"

రమణి ఇంకో టార్పాలిన్ అందుకుంది. ఆయన ఇంకోసారి అడగలేదు. లోపలికి వెళ్ళి, అల్లుడికి కాఫీ పెట్టమని మామ్మకి చెప్పిన మాట మాత్రం పెరట్లోకి బాగానే వినిపించింది.

పంట అయిపోయింది కదా, ఇప్పుడేం మొయ్యాలని ఫల్గుణ అడిగాడు. ఆరిన టార్పాలిన్లు మడతపెట్టమంది. అతను ఒకటి తీసి ప్రయత్నించాడు. ఒక కొన పట్టుకుంటే ఇంకో కొన గాలికి లేచిపోతోంది. టార్పాలిన్ ఒక్కడి పని కాదు. కాసేపు తమాషా చూసి, రమణి వచ్చి అవతలి అంచు పట్టుకుంది.

ఇద్దరూ పెరటికి చెరో చివర నిలబడి మొదటి మడత వేశారు. సగం దూరం తగ్గింది. రెండో మడతకి అందులో సగం. మూడో మడత దగ్గర ఆమె ముంగురుల్లో చిక్కుకున్న కాఫీ ఆకు ముక్క కనిపించేంత దగ్గరకొచ్చారు. ఆఖరి మడతకి నాలుగు చేతులూ ఒక్కచోట కలిశాయి.

మడత పూర్తయింది. అంచు మాత్రం ఎవరూ వదల్లేదు.