అడగని పరీక్ష

పొద్దున్న ఏడున్నరకు తల్లి చేతిలో కాఫీ కప్పు సాసరు మీద టకటకలాడింది. ల్యాబ్‌కు బయల్దేరిన కూతురు గుమ్మంలో ఆగింది.

"చేతులెందుకమ్మా అలా వణుకుతున్నాయి?"

"వయసే. గుండె కూడా దడదడమంటోంది. మీ తమ్ముడి మందు తాగుతున్నాగా, సర్దుకుంటుందిలే."

"ఏ మందు?"

"వాడి నాచు సారమే. నెల నుంచి రెండు పూటలా. నీతో చెప్తే గయ్యిమంటావని..."

కూతురు భుజం మీది సంచి దించేసింది.

సముద్రపు నాచు నుంచి సారం తీసే పద్ధతి ఆమెది. ఆరేళ్ల కష్టం. తమ్ముడు ఆమె నోటు పుస్తకం చూసి రాసుకుని, తన పేరున నమోదు చేయించుకుని మందుగా అమ్మకానికి దిగాడు. "అక్కా? సీసాలు కడిగేది" అని బంధువుల ముందు నవ్వాడు. అయితే నాచును ముందు మరిగే నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలన్నది ఆమె పుస్తకంలో రాసుకోలేదు. రోజూ చేసే పనికి రాత ఎందుకనుకుంది.

కిందటి నెల అతని సీసా ఆమె ల్యాబ్‌కే వచ్చింది. ఫారంలో అడిగింది ఒంటికి మేలుచేసే పాలీఫినాల్స్ ఎంతున్నాయనే. ఆమె అయోడిన్ కూడా చూసింది. ఉండాల్సినదానికి నలభై రెట్లు. ఆ కాగితం సొరుగులో పెట్టి తాళం వేసింది. సరుకు దుకాణాలకెక్కాక బయటపెడితే వాడు మళ్లీ తలెత్తుకోలేడు.

తమ్ముడు కింది వాటా నుంచి నోట్లో బ్రష్షుతో వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే పంచాయితీ?"

"నాచు ఉడికించిన నీళ్లు పారబోశావా?"

"పారబోస్తే సారం పోదూ?"

"అయోడిన్ పోతుందిరా దద్దమ్మా! థైరాయిడ్ ఉన్న మనిషికి అది విషం, అదే పోశావు!"

బ్రష్షు చేతిలోకి వచ్చింది. "నీకెలా తెలుసు?"

"పరీక్ష చేశాను."

"ఎప్పుడు?"

నిన్ననే అని అనేయొచ్చు. "నెలైంది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నువ్వు మట్టికరవాలని."

తల్లి ఇద్దరినీ చూసింది. "మీ పగ పొయ్యడానికి నా నోరే దొరికిందట్రా?"

ఆసుపత్రిలో డాక్టరు ఆవిడ తాగిన మందులో ఏముందని అడిగితే తమ్ముడు నీళ్లు నమిలాడు. ఒప్పుకుంటే వ్యాపారం ముగిసినట్టే. అక్క సంచిలోంచి కాగితం తీసింది. దారిలో ల్యాబ్ దగ్గర ఆగి తెచ్చింది. దాని మీద ఆమె సంతకం, నెల కిందటి తేదీ. అది బయటపడితే ఆమె ఉద్యోగమూ పోతుంది. డాక్టరు చేతికిచ్చింది.

తమ్ముడు ఆ తేదీ చదివాడు. ఫోన్ తీసి, "గోడౌన్లోంచి ఒక్క సీసా కదలకూడదు" అన్నాడు. గోడకానుకుని ఏడ్చాడు.

వాడు ఏడుస్తుంటే కళ్లారా చూడాలని నెల రోజులు కాచుకుంది. ఇప్పుడు ఆమెకు కళ్లు నిండిపోయి ఏమీ కనబడలేదు.